జుబేదా బండి మీద మనిషి ఎక్కడు

నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద చలమయ్య షావుకారు కలప అడితి ఉంది. దానికి సరిగ్గా ఎదురుగా నా వడ్రంగం కొట్టు. నా పేరు ఇన్నయ్య. చలమయ్యను చూస్తే నాకు ఒళ్లు మంట. ఈ సంగతి మొదట్లోనే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను వేలెత్తి చూపకుండా. ఇది చలమయ్య కథ కాదు, జుబేదా కథ. కాకపోతే ఆమె గురించి చెప్పాలంటే ఆయన్ను తిట్టక తప్పదు.

జుబేదా పొట్టి మనిషి. పికప్ బండి సీటు మీద గోతం మడత పెట్టుకుని కూర్చుంటే తప్ప ఎదుటి రోడ్డు సరిగా కనపడదు. చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, కొంగు బొడ్లో దోపి దిగుతుంది. గొంతు మాత్రం నా రంపం మోతను దాటుకుని కొట్లోకి వస్తుంది. పేటలో కలప తోలే ఆడమనిషి ఆమె ఒక్కతే. అలాగని ఎవరైనా మెచ్చుకోబోతే మొహం చిట్లించుకుంటుంది.

ఆమెకు వంకలు పెట్టేవాళ్లకు కొదవ లేదు. అన్నిటికన్నా పెద్ద వంక ఆమె తాడు కట్టే తీరు. ఆమె సరుకు కట్టడం పూర్తయ్యేలోగా పక్క బండివాడు ఒక ట్రిప్పు వేసి, టీ తాగి, మళ్లీ గేటు దగ్గరికి వస్తాడు. నున్నటి ప్లైవుడ్ షీట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే తడిసిన సబ్బుబిళ్లల్లా జారతాయి. అందుకని మధ్యమధ్య గోతాలు పరుస్తుంది. షీట్ల ముందు అంచును క్యాబిన్ వెనక గోడకు ఆనించి, మొదట ఆ అంచునే బిగిస్తుంది, గాలి దూరేది అక్కడే కాబట్టి. పైన అడ్డంగా చెక్క రీపర్లు వేసి వాటి మీదుగా తాడు లాగుతుంది. లేకపోతే తాడు షీటు అంచును కొరికేస్తుంది.

పొడుగు కర్రలైతే విడివిడిగా ఉండనివ్వదు. ముందు అన్నిటినీ మోపు కట్టి, ఆ మోపును ముందొకచోట, వెనకొకచోట బండి తొట్టికి కట్టేస్తుంది. మధ్యలో ఒక్క కట్టుతో సరిపెడితే మలుపులో కర్రలు అడ్డం తిరిగి పక్కన పోయేవాడి మొహం మీదికి వస్తాయి. కర్రకూ క్యాబిన్ మీది ఇనుప స్టాండుకూ మధ్య పాత సైకిల్ ట్యూబు ముక్కలు, కొసన ఎర్రగుడ్డ. తాడులో చిన్న కర్ర దూర్చి మెలిపెట్టి, ఆ తాడును వేలితో మీటి చూస్తుంది. ఊరు దాటాక ఒకసారి బండి ఆపి మళ్లీ బిగిస్తుంది, కుదుపులకు సరుకు సర్దుకుని తాళ్లు వదులవుతాయి కదా. ఆమె తెచ్చిన షీటుకి ఒక్క మూల విరిగి ఉండగా నేను చూడలేదు. చలమయ్య ఆమెను భరించింది అందుకే, దయ ఉండి కాదు.

మిగతా బండ్లవాళ్లకు ఈ తతంగం లేదు. వాళ్లకు తాడు బదులు మనిషి ఉన్నాడు. షీట్లు తొట్టిలో పడేసి, ముఠా కూలీని ఒకణ్ణి వాటి మీద కూర్చోబెడతారు. గాలికి షీట్లు లేవకుండా అతనే బరువు. సరుకు చేరిన చోట దించేదీ అతనే. తాడు కట్టాలంటే పూట, మనిషి ఎక్కాలంటే క్షణం అని చలమయ్య నలుగురిలో గొప్పగా చెబుతాడు. ఎగిరే చెక్క మీద మనిషిని పేపర్‌వెయిట్‌లా పెట్టడం ఏం తెలివో ఆయనకే తెలియాలి. పేటలో చానామంది అలాగే తోలుతారు, అది వేరే ఏడుపు.

అలా కూర్చున్నవాళ్లలో జుబేదా భర్త మస్తాన్‌వలి ఒకడు. చలమయ్య అడితిలో ముఠా కూలీ. నవ్వుమొహం మనిషి. షీట్ల మీద బాసింపట్టు వేసుకుని, రోడ్డు మీద తెలిసినవాళ్లందరికీ చెయ్యూపుతూ పోయేవాడు. ఒక వేసవిలో వినుకొండ వైపు వెళ్తుండగా ఎదురుగా లారీ దూసుకొచ్చింది. ఆ గాలికి పై షీట్లు లేచాయి. షీట్లతో పాటు మస్తానూ లేచాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

పోలీసులు అడిగితే చలమయ్య ఒక్కటే మాట చెప్పాడు. “అడక్కుండా ఎక్కాడండీ. దారిలో యాడో దిగుతానని ఆయనే ఎక్కాడు.” డ్రైవరూ అదే పాట పాడాడు. దాంతో మస్తాన్ పనిలో చనిపోయినవాడు కాకుండా పోయాడు, ఊరికే బండెక్కి జారిపడినవాడయ్యాడు. జుబేదాకు భర్త పోయిన దుఃఖం ఒకటి, ఈ మాట ఒకటి. మొదటిదాన్ని ఏడ్చి ఏడ్చి కొంత తగ్గించుకుంది. రెండోది తగ్గలేదు, తగ్గించుకోవాలని ఆమె అనుకోనూ లేదు.

అప్పటిదాకా ఆమె బియ్యం మిల్లులో గోతాలు కుట్టేది. మాచర్లలో ఆమె తమ్ముడు అక్రం పికప్‌లో నాపరాళ్లు తోలతాడు. అక్కడికి వెళ్లి కొన్నాళ్లు తమ్ముడి పక్కసీట్లో కూర్చుంది. ఆ తర్వాత తమ్ముణ్ణి పక్కసీట్లోకి నెట్టి తనే తోలింది. గురజాల వైపు గతుకుల్లో నాపరాయి పగలకుండా దించడం నేర్చుకుంది. లైసెన్సు చేతికొచ్చాక తమ్ముడి పాత బండి తీసుకుని పేటకు తిరిగొచ్చి, ఎక్కడ పెట్టిందనుకున్నారు? చలమయ్య గేటు ముందే.

“ఊళ్లో ఇన్ని స్టాండ్లున్నయ్యి. ఇక్కడే ఎందుకమ్మా?” అని నేనే అడిగాను.

“మా ఆయన ఈ గేటులోంచే పోయాడన్నా. నేనూ ఈ గేటులోంచే పోతా. నా బండి మీద మాత్రం మనిషి ఎక్కడు. షావుకారు రోజూ చూడాల, చూసి మండాల.”

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. వెంటనే ఆమెకు టీ తెప్పించాను.

చలమయ్య మొదట్లో ఆమె వైపు చూడనట్టే నటించాడు. తర్వాత నాలాంటి కొట్లవాళ్లు ఆ అమ్మాయి బండిలోనే పంపించమని పట్టుబట్టేసరికి మింగలేక కక్కలేక చిన్నచిన్న కిరాయిలు వదిలాడు. మిగతా డ్రైవర్లు వేళాకోళం ఆడేవాళ్లు. “జుబేదక్కా, కట్టడమయిందా? రంజాన్‌కి ముందే బయల్దేరతావా?” అని ఒకడంటే, “నిన్ను చిన్నప్పుడు మీ నాయన షీటు మీద కూకోబెట్టి తోలుకొచ్చాడంట గదరా, బుర్రలోది దారిలో ఎగిరిపోయింది” అని ఆమె తాడు లాగుతూనే జవాబిచ్చేది. షీట్ల మీద ఎవరైనా చెయ్యేసి ఎక్కబోతే మాత్రం వేళాకోళం ఉండేది కాదు. బండి తాళం తీసి చొక్కా జేబులో వేసుకుని కిందికి దిగి నిలబడేది.

ఇక ఈ ఏటి శివరాత్రి సంగతి. కోటప్పకొండ తిరునాళ్లంటే మా వైపు ఊళ్లకు ప్రభలే ప్రాణం, పొడుగు కర్రలతో ఆకాశమంత ఎత్తు కట్టి, అలంకరించి కొండకు తోలుకుపోయే ప్రభలు. పక్క ఊరి ప్రభ కన్నా మన ప్రభ ఒక మూర ఎత్తు లేవకపోతే ఆ ఏడాదంతా తలెత్తుకోలేరు. నాదెండ్ల వైపు ఒక ఊరు వాళ్లు ప్రభకి కావాల్సిన సర్వి కర్రలు, ప్లైవుడ్డు ఏటా చలమయ్య దగ్గరే తీసుకుంటారు. ఆ సరుకు తోలిన బండికి పేరొస్తుంది. మిగతా ఊళ్ల కమిటీలు కూడా ఆ డ్రైవర్నే పిలుస్తాయి. ఈసారి పెద్ద బండ్లన్నీ వేరే ఊళ్లకు వెళ్లిపోయి, చలమయ్యకు జుబేదా తప్ప దిక్కు లేకపోయింది. చిన్న కిరాయిలతో ఈడ్చుకొస్తున్న మనిషికి అది పెద్ద అవకాశం. ముందు రోజు బండి కడిగి, చక్రాలకు కూడా గుడ్డ పెట్టి తుడిచింది.

ఆ ఊరికి ఒక ఆనవాయితీ ఉంది. ప్రభ కర్ర అడితి నుంచి బయల్దేరేటప్పుడు ఊరి మనిషి ఒకడు కర్రల మీద జెండా పట్టుకుని కూర్చుని వస్తాడు. ఏటా ఎక్కేది యల్లమంద. ఆయనదీ ఆ ఊరే, చలమయ్య అడితిలోనే ముఠా కూలీ. నోట్లో నాలుక లేని మనిషి. ఏడాది పొడుగునా ఎవరు ఏ మూట ఎత్తమంటే ఆ మూట ఎత్తుతాడు. ఆ ఒక్కరోజు మాత్రం తెల్లపంచె కట్టి, నుదుటన విభూది పెట్టి, డప్పుల మధ్య ఊళ్లోకి పైనుంచి దిగుతాడు. ఆ దర్జా కోసం ఆయన ఏడాదంతా ఎదురుచూస్తాడని మా అందరికీ తెలుసు.

సరుకు ఎక్కించడం ఆలస్యమైంది. కింద షీట్లు, పైన స్టాండు మీదికి వాలుగా కర్రలు చేరేసరికి ఊరి కమిటీ పెద్ద పున్నయ్య ఫోన్‌లో టైము చూసుకుని గాబరా పడ్డాడు. వర్జ్యం వస్తోంది, ఆలోపు కర్ర కదలాలి. జుబేదా అప్పుడే తాడు చుట్ట విప్పుతోంది.

“ఇంక కట్టేదేంది, వదిలెయ్” అన్నాడు చలమయ్య. “యల్లమందా, ఎక్కి కూకో. నిదానంగా తోలుద్దిలే.”

యల్లమంద జెండా పుచ్చుకుని ఎక్కి కర్రల మీద కూర్చున్నాడు. డప్పులు మొదలయ్యాయి. జుబేదా బండి తాళం తీసి జేబులో వేసుకుంది.

“బాబాయ్, దిగు.”

“ఇది దేవుడి పనమ్మా జుబేదా” అన్నాడు యల్లమంద పైనుంచి, బతిమాలుతున్నట్టు. “ఏడాదికొక్కసారి. నీకు దణ్ణం పెడతా, ఇయ్యాల్టికి వదిలెయ్.”

నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నాకూ అనిపించింది, ఈ ఒక్కసారికి పోనీలే అని. ఆ ముసలాయన మొహం చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఆమెకు మాత్రం అనిపించలేదు. రోడ్డు దాటి బండి దగ్గరికి వెళ్లాను.

డప్పులు ఆగాయి. పున్నయ్య ముందుకొచ్చాడు. “ఏందమ్మా ఇది? ప్రభ కర్రని తాళ్లేసి కట్టి, దొంగోణ్ణి తోలుకుపోయినట్టు తోలుకుపోతావా? మా మనిషి పైన లేకుండా మా ఊళ్లోకి ఇంతవరకు కర్ర రాలేదు.”

“మేం పీర్లకి గుడ్డలు చుట్టి కట్టే ఎత్తుతాం పెద్దాయనా. మీ ఊరోళ్లు కూడా వచ్చి మొక్కుతారు. కట్టినందుకు దేవుడికి తక్కువయిందని ఎవరూ అన్లా.”

“సాయిబులమ్మాయికి ప్రభ సంగతేం తెలుసు!” అని వెనక నుంచి ఎవరో గొణిగారు.

జుబేదా అటు తిరిగింది. “ప్రభ సంగతి తెలవదు. పడ్డ మనిషి సంగతి తెలుసు. అది నీకు తెలవకుండా ఉండాలని నీ దేవుడికి నేనే మొక్కుతా.”

గొణిగినవాడు జనంలో వెనక్కి జారుకున్నాడు. చలమయ్యకు మాత్రం కళ్లెర్రబడ్డాయి. తన గేటులో, తన బేరం ముందు, ఒక ఆడమనిషి తాళం జేబులో వేసుకుని నిలబడటం ఆయనకు తల కొట్టేసినట్టయింది.

“ఏమే, చానా ఎక్కువైంది నీకు. తోలితే తోలు. లేదంటే సరుకు దించేసి పో. మళ్లీ జన్మలో నా గేటు కాడ కనపడమాక.”

ఆమె దగ్గరున్నది ఆ బండి ఒక్కటే, ఆ బండికి కలప దొరికేది ఆ గేటు నుంచే. ప్రభ కిరాయి పోతే పేరు పోతుంది, గేటు పోతే కూడు పోతుంది. ఇది ఆమెకూ తెలుసు, చలమయ్యకూ తెలుసు. ఆమె పిడికిలి జేబులో తాళం మీద బిగుసుకోవడం నేను చూశాను.

“తోలతా షావుకారూ” అంది. “ఒక్క మాట చెప్పు, ఈ క్షణమే తోలతా. యల్లమంద బాబాయ్‌ని నువ్వే ఎక్కించావని చెప్పు. ఈయనకేమన్నా అయితే నాదే పూచీ అని ఇంతమంది ముందర నీ నోటితో చెప్పు.”

“నేనెందుకు చెప్పాలే? ఆయనూరు, ఆయన దేవుడు. ఆయనే ఎక్కాడు.”

“అడక్కుండా ఎక్కాడు. అంతేగా?” అంది జుబేదా.

అక్కడున్న ముఠావాళ్లలో సగంమంది మస్తాన్‌ను మోసినవాళ్లే. ఆ మాట ఎక్కడిదో వాళ్లకు ఎవరూ గుర్తు చేయక్కర్లేదు.

కర్రల మీద యల్లమంద కదిలాడు. జెండాను ముందు పున్నయ్యకు అందించి, స్టాండు పట్టుకుని, తెల్లపంచె నలగకుండా ఒక చేత్తో ఎత్తి పట్టుకుని మెల్లగా దిగాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. కిందికొచ్చి చలమయ్య మొహంలోకి చూశాడు. ఇన్నేళ్లలో ఆయన షావుకారు మొహంలోకి అలా చూడటం నేనెరగను.

“ఇప్పుడే కదా నువ్వు ఎక్కమంది” అన్నాడు.

పున్నయ్య మొండి మనిషే గానీ గుడ్డివాడు కాదు. జెండా కేసి, యల్లమంద కేసి, చలమయ్య కేసి చూసి గొంతు సవరించుకున్నాడు. “సరేలే. యల్లమందా, జెండా పట్టుకుని ముందు సీట్లో కూకో. కర్ర మాత్రం వర్జ్యంలోపల కదలాలమ్మాయ్, అది నాకు తప్పదు.”

“కదలడమంటే ఎంత దూరం?”

పున్నయ్య ఆలోచించాడు. “గేటు దాటితే బయల్దేరినట్టే.”

జుబేదా బండెక్కి, మనిషి నడక కన్నా నిదానంగా గేటు దాటించి, రోడ్డుకి ఇవతల సరిగ్గా నా కొట్టు ముందు ఆపింది. పున్నయ్య కొబ్బరికాయ కొట్టాడు. వర్జ్యం ఎలా వస్తే అలా రానీ, ప్రభ బయల్దేరిపోయింది. అప్పుడు తీరిగ్గా కట్టడం మొదలుపెట్టింది. తిట్టడానికొచ్చిన ఊరివాళ్లే తాడు కొసలు పట్టుకున్నారు. “అట్టా కాదు, మోపు కింద నుంచి పోనీ,” “ముందరంచు బిగించు ముందు” అని వాళ్లమీద అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది. యల్లమంద ఎర్రగుడ్డ తనే కట్టాడు. ఆ తర్వాత ముందు సీట్లో కూర్చుని జెండా కిటికీలోంచి బయటికి పట్టుకున్నాడు. డప్పులు మళ్లీ అందుకున్నాయి. రోడ్డు మలుపు తిరిగేదాకా చూశాను. కర్రల మోపు బండితో పాటే తిరిగింది, ఇటూ అటూ పోలేదు.

మర్నాడు చలమయ్య అన్నంత పనీ చేశాడు. గేటు దగ్గర ఆమె బండిని నిలబడనివ్వొద్దని వాచ్‌మన్‌కి చెప్పాడు. జుబేదా వాదించలేదు. బండి వెనక్కి తిప్పి రోడ్డు దాటించి నా కొట్టు ముందు పెట్టింది.

“నీకు అడ్డమా అన్నా?”

“అడ్డమే. ఉండు” అన్నాను.

కలప కొనేవాళ్లలో కొందరు గేటులోంచి బయటికొచ్చి ఆమెను పిలవడం మొదలుపెట్టారు, కొందరు చలమయ్యకు జడిసి పిలవలేదు. కిరాయిలు తగ్గాయి. ఆ సంగతి ఆమె నాతో ఒక్కసారి కూడా అనలేదు. అడిగితే కసిరేది.

తిరునాళ్లు అయిపోయాక ఒక పొద్దున బొల్లాపల్లికి ప్లైవుడ్డు వెళ్లాలి. వేరే డ్రైవరు బండి పెట్టాడు. ముఠావాళ్లు షీట్లు ఎక్కించారు. చలమయ్య అలవాటుగా చేత్తో పైకి చూపించాడు.

“యల్లమందా, ఎక్కి కూకో.”

యల్లమంద తలగుడ్డ విప్పి చేతులు తుడుచుకున్నాడు. గొంతు పెద్దది కాదు గానీ, రంపం ఆపి ఉన్నాను కాబట్టి నాకు స్పష్టంగా వినిపించింది.

“నువ్వే ఎక్కించావని చెప్పు షావుకారూ. అందరికీ వినపడేట్టు చెప్పు, ఎక్కుతా.”

చలమయ్య మిగతావాళ్ల వైపు చూశాడు, ఇంకొకణ్ణి పిలుద్దామని. ఒక్కడూ తల దించుకోలేదు. ఒక్కడూ బండి వైపు అడుగు వెయ్యలేదు. రోడ్డుకి ఇవతల జుబేదా స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి చూస్తోంది.

చలమయ్య గొణుక్కుంటూ లోపలికి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు ఆయన భుజం మీద కొత్త తాడు చుట్ట ఉంది.